విడుదల రానివాళ్ల పక్కన కూర్చుని: ఉద్దానం నేల మీద ఒక విశ్వాస ప్రశ్న

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అని పిలిచే ఈ ఏడు మండలాల్లో పాతికేళ్లుగా కిడ్నీలు పాడైపోతున్నాయి. షుగరు లేనివాళ్లకీ, బీపీ లేనివాళ్లకీ, జీడితోటల్లో, కొబ్బరితోటల్లో, వరి మడుల్లో ఒళ్లొంచి బతికేవాళ్లకీ ఈ జబ్బు వస్తోంది. జరిగిన సర్వేలు పెద్దవాళ్లలో ఐదో వంతుకు దగ్గరగా దీని బారిన పడ్డట్టు చూపాయి. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా గంటలకొద్దీ పనిచెయ్యడం అన్నారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఈ ఊళ్లలో చర్చిలున్నాయి. ఆదివారం ఆరాధనలో, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ‘దేవుడు విడిపిస్తాడు’ అన్న మాట వినబడని వారం ఉండదు. వినేవాళ్లలో వారానికి రెండు మూడు సార్లు డయాలిసిస్‌కి వెళ్లొచ్చే మనిషి కూడా ఉంటాడు. అతని చెవిలో ఆ మాట ఎలా పడుతుంది?

కష్టంలో దేవుడు విడిపిస్తాడని నమ్మడమంటే ఏమిటన్నదానికి మన సంఘాల్లో చాలా జవాబులు వినిపిస్తాయి. ప్రార్థిస్తే అద్భుతం జరుగుతుందంటారు కొందరు. ఇక్కడ ఓర్చుకో, పరలోకంలో అంతా సరవుతుందంటారు ఇంకొందరు. దేవుడు డాక్టరు చేతుల ద్వారా విడిపిస్తాడంటారు, విడుదలంటే అన్యాయం నుంచి విడుదల కూడా అంటారు. ఈ జవాబుల్లో ఒక్కటీ పూర్తిగా అబద్ధం కాదు. అయితే ఏ జవాబునైనా తూచడానికి నా దగ్గరున్న కొలత ఒక్కటే. విడుదల దొరకని మనిషి మంచం పక్కన నిలబడి ఆ జవాబు ఏం చెప్పగలదు?

మొదటి జవాబు దగ్గర ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇవాళ మన పల్లెల్లో గట్టిగా వినిపించేది అదే. స్వస్థత కూడికలకు జనం ఎందుకు వెళ్తారో తెలియంది కాదు. కూలి డబ్బుతో విశాఖ దాకా వెళ్లి పెద్ద ఆసుపత్రి మెట్లెక్కలేనివాళ్లకి తలమీద చెయ్యి వేసి, పేరు పెట్టి ప్రార్థన చేసేవాళ్లు ఒకరున్నారన్నదే పెద్ద ఊరట. పేదవాడి జబ్బును దేవుడు పట్టించుకుంటాడని వాళ్లు చెబుతారు, అది సువార్తలో ఉన్న సంగతే. యేసు ఎందరినో బాగుచేశాడు. అద్భుతాలు జరగవని నేను అనను. ప్రార్థన మానమనీ అనను.

చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. బాగుపడనివాడి సంగతేమిటి? ‘నమ్మకం చాల్లేదు’, ‘ఇంట్లో ఏదో పాపం దాగి ఉంది’ అన్న మాటలు నోటంట వచ్చేస్తాయి. ‘ఏటయ్యగారూ, నా పార్దన సాల్లేదేటి?’ అని రోగి అడిగే పరిస్థితి వస్తుంది. కొందరు మరో అడుగు ముందుకేసి, మందులు ఆపితేనే విశ్వాసం రుజువవుతుందన్నట్టు మాట్లాడతారు.

డయాలిసిస్ అంటే ఏమిటో దగ్గరగా చూసినవాళ్లు ఆ మాట అనలేరు. ముంజేతిలో రక్తనాళాలు రెండింటిని కలిపి ఫిస్టులా వేస్తారు. అది ముదిరి సూది పట్టడానికి వారాలు పడుతుంది. దానిమీద వేలు పెడితే లోపల రక్తం జుమ్మని కొట్టుకోవడం తెలుస్తుంది. ఆ చేత్తో బరువెత్తకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదు. నాలుగు గంటలు మిషన్ పక్కన పడుకోవాలి. ఇంటికొచ్చాక నీళ్లు గ్లాసుతో కొలుచుకుని తాగాలి. వైశాఖం ఎండలో, గొంతు పిడచకట్టుకుపోతున్నా, కొలత దాటకూడదు. ఇంకొకటి ఉంది, బయటివాళ్లకి చప్పున తట్టదు: కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ కాబట్టి ఈ రోగులు అది తాగకూడదు. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లున్న మనిషికి బొండం నిషిద్ధం. ఇన్ని నియమాలు పాటిస్తూ, రెండు మూడు రోజులకి మళ్లీ బస్సెక్కి వచ్చే మనిషిని పట్టుకుని నీ విశ్వాసం చిన్నదనడానికి ఎవరికి హక్కుంది? రెండుసార్లు డయాలిసిస్ తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. ‘ఆపెయ్యండి, దేవుడు చూసుకుంటాడు’ అన్న ప్రసంగం మనిషి ప్రాణాన్ని పందెం కాస్తుంది. అలాంటి ప్రసంగాన్ని సంఘంలోనే, పెద్దలు లేచి, ఖండించాలి.

లేఖనం కూడా అలా ప్రసంగించేవాళ్ల పక్షాన లేదు. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన ప్రశ్న అచ్చం మన వీధి ప్రశ్నే: పాపం ఇతనిదా, అమ్మానాన్నలదా? యేసు రెండూ కాదన్నాడు. ఆ ఒక్క జవాబుతో ఉద్దానంలో ఎన్ని ఇళ్లలో తలలు పైకెత్తొచ్చో! పౌలు సంగతి చూడండి. ఆయన చేతుల మీదుగా ఎందరో బాగుపడ్డారని అపొస్తలుల కార్యములు చెబుతుంది. అదే పౌలు తన తోటి సేవకుడు త్రోఫిముని జబ్బుతో ఉండగా మిలేతులో విడిచి వచ్చానని తిమోతికి రాస్తాడు. ఆ తిమోతికే, కడుపు బాగుండడం లేదు కాబట్టి కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమని వైద్యం చెబుతాడు. తన ఒంట్లో ముల్లు తీసెయ్యమని తను మూడుసార్లు వేడుకున్నాడు, దేవుడు తియ్యలేదు. త్రోఫిముకి విశ్వాసం లేదని పౌలు ఎక్కడా అనలేదు.

అపొస్తలుల కార్యముల్లోనే పన్నెండో అధ్యాయం ఇంకా కఠినమైంది. హేరోదు యోహాను అన్న యాకోబును కత్తితో చంపించాడు. వెంటనే పేతురుని పట్టుకున్నాడు. దూత వచ్చి సంకెళ్లు విడగొట్టి పేతురుని బయటికి తెచ్చాడు. సంఘం ఒకటే, రాజు ఒకడే, ఇద్దరూ ఆ పన్నెండుమందిలోనివాళ్లే. ఒకరు బతికారు, ఒకరు చనిపోయారు. ఎందుకన్నది లూకా రాయలేదు. పేతురు తలుపు తట్టినప్పుడు లోపల అతని కోసం ప్రార్థన చేస్తున్నవాళ్లే నమ్మలేదు, వచ్చి చెప్పిన రొదే అనే అమ్మాయికి పిచ్చి పట్టిందన్నారు. అంటే పేతురు విడుదల సంఘం నమ్మకం బలం మీద వచ్చింది కాదు. హెబ్రీయులకు రాసిన పత్రిక పదకొండో అధ్యాయంలోనూ ఇదే తీరు. సింహాల నోళ్లు మూయించినవాళ్లూ, రంపాలతో కోయబడినవాళ్లూ ఒకే జాబితాలో ఉన్నారు, అందరికీ ఒకే సాక్ష్యం ఇచ్చారు. దానియేలు గ్రంథంలో షద్రకు, మేషాకు, అబేద్నెగో రాజు ముందు నిలబడి, మా దేవుడు రక్షించగలడు, ఒకవేళ రక్షించకపోయినా నీ విగ్రహానికి మొక్కం అన్న అర్థంలో జవాబిచ్చారు. కొలిమి చల్లారుతుందని వాళ్లకి ఎవరూ మాటివ్వలేదు.

మన తీరానికి అన్నిటికన్నా దగ్గరగా తోచేది పౌలు ఓడ ప్రయాణం. అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయాన్ని మా వైపు చేపలవేటకి వెళ్లేవాళ్ల మధ్య చదివితే ఎవరూ కునుకు తియ్యరు. గోధుమల ఓడ, 276 మంది, ఊరకులోను అనే గాలి. చాలా రోజులు సూర్యుడూ లేడు, చుక్కలూ లేవు. అర్ధరాత్రి లోతు కొలిచి చూసి, నేల దగ్గరపడుతోందని వెనకనుంచి నాలుగు లంగర్లు వేశారు. ఓడవాళ్లు ముందు వైపు లంగరు వేస్తున్నట్టు నటించి చిన్న పడవ దించుకుని పారిపోబోయారు. వీళ్లు ఓడలో లేకపోతే మీరు బతకరని పౌలు శతాధిపతికి చెప్పాడు. ఎవరి ప్రాణానికీ హాని జరగదని దేవుడు మాటిచ్చిన తర్వాత కూడా, తెడ్డు తెలిసినవాళ్లు ఓడలో ఉండాల్సిందే అన్నాడు! తెల్లవారబోతుండగా అందరూ తిండి తినమన్నాడు, తను రొట్టె విరిచి తిన్నాడు. చివరికి ఓడ ఇసుకలో దిగబడి వెనకభాగం బద్దలైంది. ఖైదీలు పారిపోతారేమోనని సైనికులు చంపబోతే శతాధిపతి అడ్డుపడ్డాడు. ఈత వచ్చినవాళ్లు ఈదారు, రానివాళ్లు పలకలు పట్టుకుని ఒడ్డుకొచ్చారు. సరుకు పోయింది, ఓడ పోయింది, మనుషులందరూ మిగిలారు. పౌలు సముద్రంలోంచి బయటపడ్డాడు గానీ ఖైదులోంచి కాదు, రోముకి ఖైదీగానే వెళ్లాడు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం చూసింది ఈ విడుదలనే. ప్రాణం దక్కింది, తోట పోయింది. తాత నాటిన కొబ్బరి వేళ్లతో సహా పడిపోయింది. మళ్లీ నాటితే కాపుకి ఐదారేళ్లు పైనే. జీడి కూడా పోయింది. ప్రాణాలు దక్కినందుకు స్తుతించమని ఆ ఆదివారం ఒక సంఘకాపరి చెప్పాల్సి వస్తే, అది సత్యమే. ఆ మాట చెప్పి ఊరుకుంటే మాత్రం సగం సత్యం. హబక్కూకు ప్రవక్త అంజూరం పూయదు, ద్రాక్ష ఫలించదు, పొలం పండదు, దొడ్లో పశువులుండవు అని పోయినవాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టాకే ఆనందం మాట ఎత్తాడు. లెక్కపెట్టకుండా దాటెయ్యలేదు.

పౌలు ఎక్కిన ఆ ఓడలో ఉన్న 276 మందిలో ఆయన దేవుణ్ణి నమ్మినవాళ్లు కొద్దిమందే. విడుదల అందరికీ వచ్చింది. ఇది మనవాళ్లు తరచూ మరిచిపోయే సంగతి. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకి వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు పాకిస్తాన్ చేతికి చిక్కి కరాచీ జైల్లో పడ్డారు. 2020 జనవరిలో 20 మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. ఆ పద్నాలుగు నెలలూ ఇంటి ఆడవాళ్లు పిల్లల్ని సాకుతూ ఎందరు అధికారుల చుట్టూ తిరిగారో, ఎన్ని అర్జీలు పెట్టారో! ఇలాంటి విడుదలను ఏ ఒక్క మతమూ తన ఖాతాలో వేసుకోకూడదు. చెరలో ఉన్నవాడు ఇల్లు చేరితే దేవుడు సంతోషిస్తాడని నమ్మేవాడికి ఆ ఖాతా అవసరమూ లేదు.

ఈ ప్రాంతంలో సువార్త వచ్చిన దారి కూడా కష్టంలోంచే సాగింది, దీన్ని క్లుప్తంగా చెబుతాను. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ దెగ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయర్ అనే విశ్వాసి సాయంతో సువార్తల్ని తెలుగులోకి తేవడం మొదలైంది. క్రాన్ 1809లో, దెగ్రాంజ్ 1810లో కన్నుమూశారు. దెగ్రాంజ్ శ్రమించిన సువార్తలు ఆయన పోయాక 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. 1873లో కెనడా తూర్పు తీరం నుంచి బయల్దేరిన బాప్టిస్టు బృందం బర్మా, సయాంలలో కరెన్ల మధ్య పనిచేద్దామనుకుంది. ఆ దారి మూసుకుపోయి 1875లో తెలుగు తీరానికి మళ్లింది. బొబ్బిలి, శ్రీకాకుళం, పర్లాకిమిడి వైపు సంఘాలు అలా పుట్టాయి. పర్లాకిమిడి ప్రాంతంలో పెరిగిన పురుషోత్తమ చౌదరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబంలోనివాడు, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇవాళ్టికీ ఆయన పాటలు పాడుకుంటున్నాం. ఆ పాటల్లో శ్రమ తీరిపోయిందన్న గర్వం కనబడదు. వేడికోలు కనబడుతుంది, తన చెడ్డతనం ఒప్పుకోవడం కనబడుతుంది. నేటి స్తుతి పాటల్లో జయం జయం అన్న మాట ఎంత పెరిగిందో, ఆ వేడికోలు అంత తగ్గింది. ఇది మనకు నష్టమని నేను గట్టిగా అనుకుంటున్నాను.

వైద్యం ద్వారా విడుదల అన్న జవాబుకి ఈ జిల్లాలో గొప్ప సాక్ష్యం ఉంది. సోంపేటలో కెనడా బాప్టిస్టుల ఆరోగ్యవరం ఆసుపత్రి. అక్కడ డాక్టర్ బెన్ గలిసన్ దశాబ్దాల తరబడి కంటి ఆపరేషన్లు చేశారు. శుక్లాలు ముదిరి చూపు పోయినవాళ్లని ఇంట్లోవాళ్లు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చేవారు. ఆయన కెనడా వెళ్లినప్పుడు చెప్పిన సంగతులు విని కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెన్కిన్స్ కదిలాడు. 1963లో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది, తర్వాత మన దేశంలోనూ ఆఫ్రికాలోనూ పనిచేసింది. దాని వేరు సోంపేటలో ఉందని మన పిల్లలకి ఎవరైనా చెబుతున్నారా? మార్కు సువార్తలో యేసు ఒక గుడ్డివాణ్ణి రెండు విడతలుగా బాగుచేస్తాడు. మొదటిసారి మనుషులు చెట్లలా నడుస్తున్నట్టు కనబడతారు, రెండోసారి చెయ్యి ఉంచాక స్పష్టంగా కనబడుతుంది. ప్రభువే రెండోసారి చెయ్యి వేశాడు. ఆపరేషన్ తర్వాత కట్టు, చుక్కల మందు, అద్దాలు అంటూ వారాలు పట్టే వైద్యాన్ని తక్కువ విశ్వాసమని ఎవరూ అనక్కర్లేదు.

సాలూరులో కూడా ఇదే కథ. 1880ల్లో ఉత్తర జర్మనీలోని బ్రెక్లుం నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు అక్కడ కుదురుకున్నారు. అక్కడి ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రికి ఒరిస్సా కొండల నుంచి కూడా రోగులు దిగివచ్చారు. ఊరు వెలేసిన మనిషిని ముట్టుకోవడం మొదటి వైద్యం. 1980ల్లో బహుళ ఔషధ చికిత్స వచ్చాక జబ్బు మాత్రలతో నమ్మకంగా నయమవడం మొదలైంది. అంతకుముందు దశాబ్దాల్లో చేరినవాళ్లు? వాళ్లకి పుండ్లు కడిగే చేతులు దొరికాయి, పక్కన కూర్చుని తినేవాళ్లు దొరికారు. చాలామందికి జబ్బు పోలేదు. వాళ్ల విడుదలను ఏ లెక్కలో వెయ్యాలో నిర్ణయించడానికి మనం తొందరపడకూడదు.

ఈ జవాబుకీ ఒక లోపం ఉంది. ఆసుపత్రి కట్టగలిగితే విడుదల వచ్చినట్టే అనుకోవడం సులువు. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి సుమారు 700 కోట్లతో ఇంటింటికీ నీళ్ల పథకం వచ్చింది. డయాలిసిస్ రోగులకి నెలకి పదివేల పింఛను ఉంది. వీటిని అడిగి, పోరాడి తెచ్చుకున్నవాళ్లకి దణ్ణం పెట్టాలి. వీటిలో దేవుని చెయ్యి చూడడం తప్పు కాదు. అయినా పాడైన కిడ్నీ తిరిగి రాదు. ఆ ఇంటి దుఃఖానికి పథకం జవాబు కాదు.

అన్యాయం నుంచి కూడా విడుదల అంటూ నిర్గమకాండం మీద నిలబడే జవాబు మన సంఘాల్లో ఉండవలసినంత బలంగా లేదు. మొదటి తరాల నుంచీ ఈ సంఘాల్లో ఎక్కువమంది మాలలు, మాదిగలు. వాళ్లకి ఐగుప్తు బానిసత్వం దూరపు కథ కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడు ఎస్సీ కాడు, మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతాడు. వీధి మాత్రం మారదు, వీధిలో పిలుపూ మారదు. ఫరో దగ్గరికి వెళ్లి అడగమని దేవుడు మోషేకి చెప్పాడు. విడుదల అంటే ఆత్మ సంగతి మాత్రమే అని బోధించే పాస్టర్లు ఆ పుస్తకాన్ని సగం మూసి చదువుతున్నారు. పరలోక నిరీక్షణ విషయం కూడా అంతే. అది నిజం, చావు దగ్గర ఇంకేదీ నిలబడని చోట అదే నిలబడుతుంది. పాడైన నీళ్లు తాగే ఊరికి మంచినీళ్లు అడగకుండా ఉండడానికి దాన్ని సాకుగా వాడితే దాని పరువు తీసినట్టే.

ఇక సంఘాల్లో మారాల్సిన పని ఒకటుంది. ఆరాధనలో సాక్ష్యాల సమయం వస్తుంది. జ్వరం తగ్గినవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, ప్రమాదం తప్పినవాళ్లు లేచి చెబుతారు. మంచిదే. కష్టం తీరనివాళ్లు లేవరు. లేస్తే ఏం చెప్పాలో వాళ్లకి తెలియదు, మనకి వినడం తెలియదు. కీర్తనల గ్రంథంలో మూడో వంతుకు దగ్గరగా మొరలే ఉన్నాయి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, కనీసం ఒక్క ఓదార్పు మాట దాని చివర లేదు. దేవుని ప్రజలు దాన్ని తీసెయ్యకుండా పాటల పుస్తకంలోనే ఉంచుకున్నారు. మన సంఘాల్లో దాన్ని గట్టిగా చదవగా వినడం అరుదు. సాక్ష్యాల సమయంలో ‘ఇంకా తగ్గలేదు, ఇంకా అడుగుతున్నాను’ అని చెప్పే మనిషికి కూడా అదే మైకు ఇవ్వాలి. ‘నువ్వింకా నమ్మాలి’ అని ఎవరూ మధ్యలో అందుకోకూడదు. చప్పట్లు కూడా అక్కర్లేదు. ఆ వారంలో అతని డయాలిసిస్ ఏ రోజో అడిగి, పలాసకో సోంపేటకో తోడు వెళ్లేవాళ్ల పేర్లు అక్కడికక్కడే రాసుకోవాలి. అతని కూలి పోయిన రోజుకి ఆ ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో సంఘపెద్దలు కనుక్కోవాలి. నెలకోసారి కానుకల లెక్క చదివేటప్పుడు ఈ ఖర్చు కూడా చదవాలి.